ఓపియాయిడ్‌తో పాటు ఇంకో మత్తు కూడా ఉంటే చికిత్స ఎలా?

క్లుప్తంగా: హెరాయిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్‌లకు (నల్లమందు లాగా పనిచేసే పదార్థాలకు) అలవాటు పడినవాళ్లలో చాలామంది నిద్రమాత్రలో, మద్యమో, మెత్ (మెథాంఫెటమైన్) లాంటి ఉత్ప్రేరకమో, అంటే హుషారెక్కించే మత్తో కూడా వాడుతుంటారు. "ముందు అవన్నీ మానేసి రా, అప్పుడు చూద్దాం" అన్న పాత పద్ధతిలో రోగికి ప్రమాదం పెరుగుతుంది. ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు ఆపకుండా కొనసాగిస్తూ, రెండో మత్తు సంగతి దాని స్వభావాన్ని బట్టి విడిగా చూడడం ఇప్పుడు వైద్యం పట్టిన దారి. అది వినడానికి సులువే. చేయడం ఎక్కడ కష్టమో ఈ వ్యాసంలో చూద్దాం. ఇంకో మాట, తెలుగులో మందు అంటే ఔషధమూ అదే, మద్యమూ అదే. ఇక్కడ మాత్రం మందు అంటే ఔషధమే.

పట్టీ మీద ఒక్క గీత

మత్తు పదార్థాల కోసం చేసే మూత్ర పరీక్షలో పట్టీ మీద రెండు గీతలు కనబడితే ఆ మత్తు లేనట్టు, ఒక్క గీతే కనబడితే ఉన్నట్టు. ప్రెగ్నెన్సీ కిట్‌కి పూర్తిగా రివర్స్. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఇలాంటి పట్టీలు ఐదో పదో ఒకే ప్లాస్టిక్ కప్పుకి వరసగా ఉంటాయి, ఓపియేట్‌లకు (హెరాయిన్, మార్ఫిన్ జాతి) ఒకటి, బెంజోలకు (అల్ప్రాజోలం, డయజెపామ్ లాంటి నిద్రమాత్రల కుటుంబం) ఒకటి, యాంఫెటమైన్‌లకు ఒకటి, గంజాయికి ఒకటి.

హెరాయిన్ మానడానికి బ్యుప్రెనార్ఫిన్ వాడుతున్న ఒక రోగి కప్పు ఇలా ఉందనుకుందాం. ఓపియేట్ పట్టీ మీద రెండు గీతలు, అంటే హెరాయిన్ లేదు. బ్యుప్రెనార్ఫిన్ పట్టీ మీద ఒక్క గీత, అంటే ఇచ్చిన మాత్ర నిజంగానే వేసుకుంటున్నాడు. బెంజో పట్టీ మీద కూడా ఒక్క గీతే. హెరాయిన్ ఆగింది, నిద్రమాత్రలు ఆగలేదు. ఇప్పుడు ఇతన్ని ఏం చేయాలి?

చాలా ఏళ్లపాటు చాలా క్లినిక్‌లు చేసింది ఒకటే. ఇంటికిచ్చే మాత్రలు ఆపేయడం, డోసు తగ్గించడం, రెండు మూడుసార్లు ఇలాగే వస్తే పేరు కొట్టేయడం. రూల్ రూలే అన్నమాట. కానీ పేరు కొట్టేసిన మనిషి సాయంత్రానికి ఎక్కడుంటాడో ఆలోచిస్తే లెక్క తిరగబడుతుంది. విత్‌డ్రాయల్ (మత్తు ఆగినందుకు ఒళ్లు పడే బాధ) మొదలవుతుంది, ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్ర లేకపోవడం. ఒకట్రెండు రోజుల్లో హెరాయిన్ దగ్గరికే వెళ్తాడు, పాత మోతాదే తీసుకుంటాడు, దాన్ని తట్టుకునే శక్తి మాత్రం ఈలోపు తగ్గిపోయి ఉంటుంది. పైగా నిద్రమాత్ర ఎలాగూ ఒంట్లోనే ఉంది. ఏ ప్రమాదానికి భయపడి క్లినిక్ మందు ఆపిందో, అంతకంటే పెద్ద ప్రమాదంలో అతను పడ్డాడు.

ఈ పట్టీలను మరీ ఎక్కువ నమ్మడానికి కూడా లేదు. మామూలు ఓపియేట్ పట్టీ మార్ఫిన్ జాతిని పడుతుంది. ఫెంటనిల్‌ని, మెథడోన్‌ని, ట్రమడాల్‌ని పట్టదు, వాటికి వేరే పట్టీలు కావాలి. బెంజో పట్టీల్లో చాలావాటికి క్లోనజెపామ్ సరిగా దొరకదు. అందుకే అనుభవమున్న డాక్టర్లు దీన్ని దొంగను పట్టే సాధనంగా చూడరు, రోగితో మాట మొదలుపెట్టడానికి వాడతారు.

అమెరికాలో నాలుగో అల

ఈ సమస్య ఎంత పెద్దదో తెలియాలంటే అమెరికా లెక్కలు చూడాలి. అక్కడి ఓవర్‌డోస్ మరణాలను నాలుగు అలలుగా చెబుతారు. 1990ల్లో డాక్టర్లు రాసిన నొప్పి మాత్రలతో మొదటిది, 2010 ప్రాంతంలో హెరాయిన్‌తో రెండోది, 2013 నుంచి ఫెంటనిల్‌తో మూడోది. ఫెంటనిల్‌తో పాటు మెత్ గానీ కొకైన్ గానీ కలిసినది నాలుగోది. 2010లో మొత్తం ఓవర్‌డోస్ మరణాల్లో ఫెంటనిల్, ఉత్ప్రేరకం రెండూ ఉన్నవి 0.6 శాతం, 2021 నాటికి 32.3 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. 2022లో అక్కడ ఓవర్‌డోస్‌తో చనిపోయినవాళ్లు సుమారు 1,08,000 మంది. ఆ తర్వాత తగ్గుముఖం పట్టి 2024లో సుమారు 80,000కి దిగింది, అయినా మత్తులు కలిపి వాడే తీరు పోలేదు.

ఎందుకు కలుపుతారు? బయటివాళ్లకు ఇది వట్టి తెగింపులా కనబడుతుంది. లోపలికి వెళ్లి చూస్తే ఒక్కో మత్తుకీ ఒక్కో డ్యూటీ ఉంటుంది. రోడ్డు మీద పడుకునేవాడికి రాత్రి నిద్రపోతే సామాను పోతుంది, ఒంటి మీద దెబ్బలు పడతాయి. మెలకువగా ఉండడానికి మెత్. ఫెంటనిల్ పవర్ తొందరగా దిగిపోతుంది, మళ్లీ దొరికేదాకా వచ్చే వణుకునీ టెన్షన్‌నీ తట్టుకోవడానికి బెంజో. డబ్బు చాలని రోజు చవగ్గా దొరికే మద్యం. కొన్నిసార్లు కలిపేది అమ్మేవాడే, వాడేవాడికి తెలియనే తెలియదు. చికిత్స మొదలుపెట్టేటప్పుడు "ఏమేం వాడుతున్నావు" అన్న ప్రశ్నతో పాటు "ఏది ఎందుకు వాడుతున్నావు" అని కూడా అడిగితేనే దారి దొరుకుతుంది. నిద్ర పట్టక బెంజో వేసుకునేవాడికీ, హెరాయిన్ కిక్ పెంచుకోవడానికి వేసుకునేవాడికీ ప్లాన్ ఒకటే కాదు.

మూడు మందులు, బస్సు సీటు

ఓపియాయిడ్ వ్యసనానికి ప్రధానంగా మూడు మందులున్నాయి, మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్. మెదడులో ఓపియాయిడ్‌లు అతుక్కునే చోట్లను బస్సు సీట్లనుకోండి. మెథడోన్ ఆ సీట్లో నిండుగా కూర్చుంటుంది. హెరాయిన్ లాగా ఎగిసిపడి గంటల్లో దిగిపోదు, రోజంతా నిదానంగా ఉంటుంది. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ ఇద్దరూ 22 మంది రోగుల మీద దీన్ని వాడి 1965లో ఫలితాలు ప్రచురించాక ఈ తరహా చికిత్స మొదలైంది.

బ్యుప్రెనార్ఫిన్ సీట్లో గట్టిగా కూర్చుంటుంది, ముందున్నవాళ్లను లేపి మరీ కూర్చుంటుంది, కానీ పని సగమే చేస్తుంది. 3 దాటి తిరగని ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. డోసు పెంచుకుంటూ పోయినా ఊపిరిని అణిచే గుణం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగానే ఇస్తే ఇదే గుణం తిప్పికొడుతుంది, ఫుల్ స్పీడు ఒక్కసారిగా 3కి పడిపోయి తీవ్రమైన విత్‌డ్రాయల్ వస్తుంది. అందుకే ఆవలింతలు, ముక్కు కారడం, ఒంటిమీద గగుర్పాటు, పెద్దవైన కంటిపాపలు చూసి, స్కోరు వేసి, అప్పుడే మొదటి మాత్ర నాలుక కింద పెడతారు.

నాల్ట్రెక్సోన్ సీటు మీద వేసిన కర్చీఫ్. ఎవరూ కూర్చోలేదు, ఎవరినీ కూర్చోనివ్వదు. మొదలుపెట్టాలంటే వారం నుంచి పది రోజులు ఏ ఓపియాయిడ్ ముట్టకుండా ఉండాలి, చాలామంది ఆ వారం దాటలేరు.

మందు వాడుతున్నప్పుడు, ఆపేశాక మరణాల రేటు ఎంత మారుతుందో 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. మెథడోన్ వాడుతున్నవాళ్లలో ఏడాదికి ప్రతి 1000 మందికి 11.3 మరణాలు, బయటికి వెళ్లిపోయినవాళ్లలో 36.1. బ్యుప్రెనార్ఫిన్‌కి ఇదే లెక్క 4.3, 9.5. చికిత్స ఆగిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదకరం. పేరు కొట్టేయాలని పెన్ను తీసే ముందు చూడాల్సిన అంకెలు ఇవే.

నిద్రమాత్ర కలిస్తే ఊపిరికి ఏమవుతుంది

అన్ని కలయికల్లోకీ ఎక్కువ భయపెట్టేది ఓపియాయిడ్, బెంజో జోడీ. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు కాండం గమనించి ఊపిరి వేగం పెంచుతుంది, మనకు తెలియకుండా రోజంతా జరిగే పని ఇది. ఓపియాయిడ్ ఈ గమనింపును మొద్దుబారుస్తుంది. బెంజో వేరే దారిలో, గాబా అనే రసాయనం పనిని పెంచి, మెదడు మొత్తాన్నీ నెమ్మదింపజేస్తుంది, గొంతు కండరాలను కూడా వదులు చేస్తుంది. విడివిడిగా తట్టుకోగలిగిన డోసులే కలిస్తే మనిషి గురక పెడుతూ పెడుతూ ఆగిపోవచ్చు. బ్యుప్రెనార్ఫిన్ రెగ్యులేటర్ 3 దగ్గర ఆగుతుంది, నిజమే, కానీ బెంజో నొక్కేది ఇంకో స్విచ్. దాని ముందు ఆ హద్దు కాపాడలేదు.

ఫ్రాన్స్‌లో ఇది స్పష్టంగా కనబడింది. 1990ల మధ్యలో అక్కడ మామూలు ఫ్యామిలీ డాక్టర్లు కూడా బ్యుప్రెనార్ఫిన్ రాయొచ్చని అనుమతించారు. 1995 నుంచి 1999 లోపు ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి. అదే కాలంలో బ్యుప్రెనార్ఫిన్ కనబడ్డ కొన్ని మరణాలూ నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ చోట్ల మాత్రను కరిగించి ఇంజెక్షన్ చేసుకోవడమో, బెంజో కలపడమో, రెండూనో ఉన్నాయి. ఈ రెండు సంగతులూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచితే విధానం ఎటోవైపు ఒరిగిపోతుంది.

అమెరికా మసాచుసెట్స్ రాష్ట్రపు రికార్డుల మీద 2020లో వచ్చిన అధ్యయనం కూడా ఇలాంటి ఇబ్బందికరమైన బొమ్మనే చూపించింది. బ్యుప్రెనార్ఫిన్‌తో పాటు డాక్టరు రాసిన బెంజోలు కూడా అందుకున్న రోజుల్లో ప్రాణాంతక ఓవర్‌డోస్ ప్రమాదం దాదాపు మూడు రెట్లు. అదే సమయంలో వాళ్లు బ్యుప్రెనార్ఫిన్ మధ్యలో మానేయడం కొంచెం తక్కువ. అంటే బెంజో ప్రమాదమే, కానీ ఆ మనిషిని క్లినిక్‌కి కట్టి ఉంచడంలో దానికీ కొంత పాత్ర ఉన్నట్టుంది. హఠాత్తుగా లాగేస్తే రెండూ పోవచ్చు.

ఒక హెచ్చరిక, ఏడాది తర్వాత ఒక సవరణ

2016 ఆగస్టులో అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ ఓపియాయిడ్ నొప్పి మందులు, దగ్గు మందుల మీదా బెంజోల మీదా నల్ల చట్రంలో అచ్చయ్యే తీవ్ర హెచ్చరిక పెట్టించింది, రెండూ కలిపి వాడితే ప్రాణాపాయం అని. హెచ్చరిక సరైనదే. కానీ దాన్ని చదువుకున్న తీరులో తేడా వచ్చే ప్రమాదం ఉంది. నడుం నొప్పికి ఓపియాయిడ్ రాయాలా వద్దా అని ఆలోచించే డాక్టరుకు ఆ హెచ్చరిక ఒక బ్రేకు. వ్యసనానికి ఓపియాయిడ్ మందు ఇచ్చే డాక్టరు ముందున్న ప్రశ్న వేరు, ఈ మందు ఆపితే రోగి వీధిలో దొరికే ఫెంటనిల్ దగ్గరికి వెళ్తాడు. 2017 సెప్టెంబర్‌లో ఎఫ్‌డీఏ ఈ తేడాను విడమరిచి చెప్పింది. బెంజోలు వాడుతున్నారన్న కారణంతోనో, మెదడును మందగింపజేసే ఇంకే మందు వాడుతున్నారన్న కారణంతోనో బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ నిరాకరించవద్దని, కలిపి వాడడం ప్రమాదమే అయినా వ్యసనానికి చికిత్స లేకపోవడం అంతకంటే పెద్ద ప్రమాదమని.

ఆచరణలో దీని అర్థం కళ్లు మూసుకుని మాత్ర చేతిలో పెట్టడం అని కాదు. మెథడోన్ ఇచ్చే కిటికీ దగ్గర నర్సు చేసే పని చూస్తే తేడా తెలుస్తుంది. రోగి పేరు చెప్పమంటుంది, మాట ముద్దగా వస్తోందా వింటుంది, కంటిపాప సూదిమొనలా ఉందా చూస్తుంది, నిలబడే తీరు చూస్తుంది, అనుమానం వస్తే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెడుతుంది. తూలుతూ వచ్చినవాడికి ఆ పూట డోసు ఆపుతారు, కూర్చోబెట్టి గమనిస్తారు, సాయంత్రమో మర్నాడో రమ్మంటారు. పట్టీ మీద బెంజో ఉన్నా నిటారుగా నిలబడి మాట్లాడుతున్నవాడికి డోసు ఇస్తారు. ఆ పూట డోసు ఆపడం ఒకటి, చికిత్సే ఆపడం ఇంకొకటి, గొడవంతా ఈ రెండూ కలగాపులగం చేయడం వల్లే. మెథడోన్ మొదటి రెండు వారాలు మరింత జాగ్రత్త కావాలి, అది ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి సోమవారం డోసు ఇంకా దిగకముందే మంగళవారం డోసు దాని మీద చేరుతుంది.

కల్తీ కల్లు దగ్గర నేర్చుకోవాల్సినది

బెంజోను ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలియడానికి తెలుగువాళ్లు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఎక్సైజ్ కేసుల్లో మళ్లీ మళ్లీ తేలిన సంగతే. 2015లో దాడులు పెరిగి ఆ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్ లాంటి చోట్ల జనం ఫిట్స్‌తో (మూర్ఛలతో), పిచ్చి మాటలతో, వణుకుతో ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్ మొదట్లో కల్లు, మద్యం రెండూ బంద్ అయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్లీ అదే వరస. తాము నిద్రమాత్రలకు అలవాటు పడ్డామని కూడా వాళ్లలో చాలామందికి తెలియదు, తాగింది కల్లే అనుకున్నారు.

అది ఓపియాయిడ్ కథ కాకపోయినా అందులోని సూత్రం ఇక్కడా పనికొస్తుంది. హెరాయిన్ విత్‌డ్రాయల్ నరకంలా ఉంటుంది గానీ, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో దానంతట అది ప్రాణం తీయడం అరుదు. బెంజో, మద్యం విత్‌డ్రాయల్ అలా కాదు, ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోవచ్చు. కాబట్టి "రేపటి నుంచి అన్నీ బంద్" అన్న మాట హెరాయిన్ విషయంలో క్రూరంగా మాత్రమే ఉంటే, బెంజో విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికా వ్యసన వైద్య సంఘం ముందుండి 2025లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం బెంజో డోసును రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తూ పోవాలి, ఎంత తొందరైనా రెండు వారాల్లో 25 శాతం దాటకూడదు. లెక్కేస్తే నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. ఆ నెలలన్నీ బ్యుప్రెనార్ఫిన్ నడుస్తూనే ఉండాలి.

మద్యం: రెండు విత్‌డ్రాయల్‌లు ఒకేసారి

మద్యానికీ ఊపిరి విషయంలో బెంజో లాంటి ప్రమాదమే. అదనపు చిక్కు వార్డులో వస్తుంది. మద్యం ఆగిన ఆరేడు గంటల నుంచి వణుకు, రెండు రోజుల లోపు ఫిట్స్ ముప్పు, రెండో రోజు దాటాక లేనివి కనబడడం, వినబడడం. హెరాయిన్ విత్‌డ్రాయల్ కూడా దాదాపు అదే వేళకు మొదలవుతుంది. చెమటలు, వాంతులు, గుండెదడ రెండింటికీ కామన్. ఆవలింతలు, ముక్కు కారడం, గగుర్పాటు ఉంటే ఓపియాయిడ్ వైపు, చేతుల వణుకు, అయోమయం ఉంటే మద్యం వైపు అనుమానించాలి. ఒకదానికే వైద్యం చేసి రెండోది మర్చిపోతే రోగి మూడో రోజు గోడ దూకి పోతాడు, లేదా ఐసీయూకి పోతాడు.

మందుల ఎంపిక కూడా మారుతుంది. నాల్ట్రెక్సోన్ ఓపియాయిడ్‌కీ మద్యం మీద యావకీ రెండింటికీ పనిచేస్తుంది కాబట్టి కాగితం మీద ఒకే దెబ్బకు రెండు పిట్టలు. కానీ బ్యుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ తీసుకుంటున్నవాడికి ఇస్తే ఆ క్షణమే విత్‌డ్రాయల్‌లోకి తోసేసినట్టు. వాళ్లకు మద్యం కోసం మూత్రపిండాలు బాగుంటే అకాంప్రోసేట్ లాంటిది చూస్తారు.

మెత్, కొకైన్: మందు లేని చోట గిఫ్ట్ కార్డు

ఉత్ప్రేరకాల దగ్గర సమస్య రూపమే వేరు. ఇక్కడ ఇప్పటిదాకా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యుప్రోపియాన్ మాత్ర కలిపి మెత్ వ్యసనానికి ఇచ్చిన పెద్ద పరీక్ష ఫలితం 2021లో వచ్చింది, మందు పుచ్చుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి, పోలిక కోసం అసలు మందు లేని ఉత్తుత్తి డోసు (ప్లాసిబో) పుచ్చుకున్నవాళ్లలో 2.5 శాతం మందికి గుణం కనబడింది. తేడా ఉంది, కానీ అందులో ఉన్నది నాల్ట్రెక్సోన్. మెత్‌తో పాటు ఫెంటనిల్ కూడా వాడుతూ బ్యుప్రెనార్ఫిన్ మీద ఉన్న మనిషికి ఆ జోడీ పనికిరాదు, పైన చెప్పిన కారణమే. బ్యుప్రోపియాన్, బ్యుప్రెనార్ఫిన్ అని పేర్లు కూడా ఒకేలా ఉండి ప్రిస్క్రిప్షన్ చదివేవాళ్లను ఏడిపిస్తాయి, అది వేరే గోల.

ఉత్ప్రేరకాల మీద ఎక్కువ సాక్ష్యం ఉన్నది బహుమతి పద్ధతికి. మూత్ర పరీక్షలో మెత్, కొకైన్ లేకపోతే అక్కడికక్కడే చిన్న బహుమతి, వరసగా లేకపోతే బహుమతి పెరుగుతూ పోతుంది, ఒకసారి తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచి దీన్ని నడుపుతున్నాయి. కాలిఫోర్నియా 2023లో ప్రభుత్వ బీమా కింద మొదలుపెట్టింది, 24 వారాల కార్యక్రమం, 10 డాలర్ల గిఫ్ట్ కార్డుతో మొదలై ఏడాదికి గరిష్ఠంగా 599 డాలర్లు. ఈ 599 వైద్యశాస్త్రం చెప్పిన అంకె కాదు, అప్పట్లో 600 చేరితే పన్ను కాగితాలు నింపాల్సి వచ్చేది కాబట్టి అక్కడ ఆపారు.

"తప్పు మానినందుకు డబ్బులివ్వడమేంటి" అన్న అభ్యంతరం అక్కడా గట్టిగానే ఉంది. యంత్రాంగం మాత్రం సూటిగా ఉంటుంది. మెత్ ఇచ్చే హుషారు ఇప్పటికిప్పుడు వస్తుంది, మానడం వల్ల వచ్చే మేలు నెలల తర్వాత కనబడుతుంది. ఆ ఖాళీలో కౌన్సెలింగ్ మాటల కంటే చేతిలో పెట్టిన కార్డు ఎక్కువ పనిచేస్తుంది. ఇక్కడ కూడా షరతు ఒకటే: మెత్ దొరికితే కార్డు పోవాలి గానీ బ్యుప్రెనార్ఫిన్ మాత్ర పోకూడదు.

వాడేవాడికే తెలియని మత్తు

ఫిలడెల్ఫియాలో కొన్నేళ్లుగా అమ్మే ఫెంటనిల్‌లో పశువులకు మత్తిచ్చే జైలజీన్ కలుస్తోంది. దాని వల్ల ఒంటిమీద మానని పుళ్లు పడతాయి. 2023 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ దీన్ని ముంచుకొస్తున్న ముప్పుగా ప్రకటించింది. 2024 నుంచి దాని చోట మెడెటొమిడిన్ అనే ఇంకో పశువుల మత్తు ఎక్కువగా దొరుకుతోంది, అది ఆగితే బీపీ ఆకాశానికి వెళ్లి, ఆగని వాంతులతో రోగి ఐసీయూలో చేరాల్సి వస్తోంది. ఫెంటనిల్ విత్‌డ్రాయల్ అనుకుని బ్యుప్రెనార్ఫిన్ పెంచితే లాభం లేదు. ఫెంటనిల్ కిక్ తొందరగా దిగినా, అది కొవ్వులో చేరి ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టడం కూడా పాత లెక్కల ప్రకారం కుదరడం లేదు. అందుకే కొందరు డాక్టర్లు 2016లో స్విట్జర్లాండ్ బెర్న్ నుంచి వచ్చిన పద్ధతి పట్టుకున్నారు, పాత ఓపియాయిడ్ ఆపకుండానే బ్యుప్రెనార్ఫిన్‌ను చిటికెడు చిటికెడుగా పెంచుతూ పోవడం.

ఓవర్‌డోస్‌లో ఇచ్చే నాలాక్సోన్ ఓపియాయిడ్‌ను మాత్రమే సీట్లోంచి లేపుతుంది; బెంజోనూ, మద్యాన్నీ, జైలజీన్‌నూ ఏమీ చేయదు. అలాగని ఇవ్వడం మానకూడదు. ఓపియాయిడ్ భాగం తొలగితే ఊపిరి తిరిగి రావొచ్చు, మనిషి కళ్లు తెరవకపోయినా సరే. కళ్లు తెరవలేదని డోసు మీద డోసు కొట్టడం కంటే ఊపిరి ఆడుతోందా లేదా చూసి, ఆడకపోతే నోటితో ఊదుతూ అంబులెన్స్ కోసం చూడడం ముఖ్యం.

మన దేశం లెక్క

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం దేశ జనాభాలో 2.06 శాతం, అంటే సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్‌లు వాడుతున్నారు. వాళ్లలో సుమారు 77 లక్షల మందికి వాడకం జబ్బు స్థాయికి చేరింది. ఈ 77 లక్షల్లో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారని చెప్పి ఆ నివేదిక ఇచ్చిన జాబితాలో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. మన దగ్గర చర్చంతా గంజాయి, మద్యం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఇది చాలామంది కంట పడలేదు.

ఇక్కడి మిశ్రమాల రుచి వేరు. ఉత్తరాది నగరాల్లో ఇంజెక్షన్ చేసుకునేవాళ్లు బ్యుప్రెనార్ఫిన్‌లోనో, పెంటాజొసీన్ అనే నొప్పి మందులోనో అలర్జీ మందు ఫెనిరమైన్, డయజెపామ్ కలిపి ఒకే సిరంజిలో ఎక్కిస్తారు. చికిత్సకు వాడే మందే అక్కడ మత్తు కూడా కావడం వల్ల డాక్టర్లకు అనుమానం, అధికారులకు భయం. ట్రమడాల్‌ను 2018లో మాదక ద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. ట్రమడాల్ మామూలు ఓపియాయిడ్ కాదు, ఎక్కువైతే దానికదే ఫిట్స్ తెప్పిస్తుంది. రోజూ ట్రమడాల్, అల్ప్రాజోలం రెండూ వేసుకునేవాడు రెండూ ఒకేరోజు ఆపి ఫిట్స్‌తో వస్తే, అది బెంజో ఆగినందుకు వచ్చిందా, ముందురోజు ట్రమడాల్ ఎక్కువైనందుకు వచ్చిందా తేల్చడం అంత తేలిక కాదు.

పంజాబ్ 2017 అక్టోబర్‌లో రోజువారీ ఓపీ క్లినిక్‌లు మొదలుపెట్టి బ్యుప్రెనార్ఫిన్, నాలాక్సోన్ కలిసిన మాత్ర ఇస్తోంది. మొదట్లో రోగి రోజూ వచ్చేవాడు, మాత్ర నాలుక కింద పెట్టుకునేవాడు, కరిగేదాకా ఐదు పది నిమిషాలు మాట్లాడకుండా, ఉమ్మి మింగకుండా కూర్చునేవాడు, నోరు తెరిచి చూపించి వెళ్లేవాడు. రోజూ ఎదురుగా కనబడే మనిషి తూలుతున్నాడా లేదా అన్నది అక్కడివాళ్లకు పట్టీ లేకుండానే తెలిసేది. తెలుగు రాష్ట్రాల్లో డీఅడిక్షన్ సెంటర్ అంటే ఎక్కువగా మద్యం మాన్పించే చోటు. నెలో రెండు నెలలో లోపల ఉంచి అన్నీ ఒకేసారి ఆపించి ఇంటికి పంపే నమూనా. మద్యానికి అది కొంత నడుస్తుందేమో గానీ, ఓపియాయిడ్ రోగి తట్టుకునే శక్తి పోగొట్టుకుని బయటికొచ్చే ఆ మొదటి నెలే లెక్కల్లో అన్నింటికంటే చెడ్డది. అడగడానికి కేంద్రం నడిపే 14446 హెల్ప్‌లైన్ ఉంది, కానీ ఫోన్ పెట్టేశాక వెళ్లడానికి దగ్గర్లో బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చే చోటు ఉందా అన్నది జిల్లాను బట్టి మారుతుంది.

మత్తు కాని మందు చేసే మాయ

కలయిక అంటే మత్తుల కలయికే కానక్కర్లేదు. మన దేశంలో టీబీ ఎక్కువ, ఇంజెక్షన్ మత్తు వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి మెథడోన్‌నీ బ్యుప్రెనార్ఫిన్‌నీ మామూలు కంటే తొందరగా విరగ్గొట్టిస్తుంది. ఫిట్స్‌కి వాడే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ కూడా అంతే. అప్పటిదాకా కుదురుగా ఉన్న రోగి వారం పది రోజుల్లో మాత్ర చాలడం లేదని, రాత్రిళ్లు ఒళ్లు నొప్పులని మొదలుపెడతాడు. మాత్రలు అమ్ముకుంటున్నాడేమో అని క్లినిక్ అనుమానిస్తుంది. అతనేమో నిద్ర కోసం మెడికల్ షాపులో అల్ప్రాజోలం కొనుక్కుంటాడు. తర్వాతి పరీక్షలో బెంజో పట్టీ మీద ఒక్క గీత.

ఆ రోజు కప్పులోని మూత్రం నారింజ రంగులో ఉంటుంది, రిఫాంపిసిన్ వాడేవాళ్లందరికీ అలాగే ఉంటుంది. ఆ రంగు చూసి "టీబీ మందులు మొదలుపెట్టావా" అని అడిగితే డోసు పెంచి సరిచేయొచ్చు, చాలామందికి అల్ప్రాజోలం అవసరమే తగ్గిపోతుంది. ఆరు నెలల టీబీ కోర్సు అయిపోయాక ఇంకో పని ఉంటుంది. ఎంజైములు సుమారు రెండు వారాల్లో మామూలుకు వస్తాయి, పెంచిన మెథడోన్ డోసు ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. టీబీ కార్డు మీద ఆఖరి మాత్ర తేదీ వ్యసన క్లినిక్ ఫైల్లో కూడా రాసి ఉంటేనే ఆ రెండు వారాలు డోసును మెల్లగా దించడం కుదురుతుంది.